ఈకో మోడ్ నొక్కితే మైలేజీ పెరుగుతుందా? బండిని బట్టి, దారిని బట్టి, తొక్కే కాలిని బట్టి

ఈకో బటన్ నొక్కినప్పుడు ఇంజన్‌లో ఏ భాగమూ మారదు. పిస్టన్లు, ఇంజెక్టర్లు, గేరు పళ్లు అన్నీ అవే. యాక్సిలరేటర్ ఎంత తొక్కితే ఇంజన్‌కు ఎంత అందాలన్న లెక్క మాత్రం మారుతుంది. ఇప్పటి కార్లలో యాక్సిలరేటర్‌కూ ఇంజన్‌కూ మధ్య కేబుల్ ఉండదు. పెడల్ దగ్గరున్న సెన్సర్ కంప్యూటర్‌కు కబురు పంపుతుంది, కంప్యూటర్ థ్రాటిల్‌ను, అంటే ఇంజన్‌లోకి గాలి పోయే తలుపును, తెరుస్తుంది. మామూలు మోడ్‌లో పెడల్‌ను మూడో వంతు తొక్కితే థ్రాటిల్ సగం తెరుచుకునే బండి, ఈకోలో అదే తొక్కుడుకు పావు వంతే తెరుస్తుందనుకోండి. బండి మెత్తగా లేస్తుంది. 'పికప్ చచ్చిపోయింది' అని జనం అనేది దీన్నే.

ఆటోమేటిక్ బండి అయితే దీనికి తోడు పై గేరు తొందరగా పడుతుంది. చాలా కార్లలో ఏసీ కంప్రెసర్‌ను కూడా కాస్త బిగించి నడుపుతారు. మాయ ఏదైనా ఉంటే ఈ మూడింట్లోనే ఉంది.

అందుకే ఒకే మోడల్ కారు మీద ఒకాయన లీటరుకు ఒకటిన్నర కిలోమీటరు పెరిగిందంటాడు, పక్కింటాయన దమ్మిడీ తేడా లేదంటాడు. ఇద్దరూ నిజమే చెబుతుంటారు. మొదటాయనది బరువు కాలు, సిగ్నల్ పడగానే తొక్కేస్తాడు. ఆ తొక్కుడును ఈకో మోడ్ సగం వినీ సగం వినకుండా ఊరుకుంటుంది. రెండో ఆయన మొదటి నుంచీ మెల్లగా తోలే మనిషి, ఆయన కాలికి కళ్లెం అక్కర్లేదు.

అమెరికా ఇంధన శాఖ లెక్కల్లో, దూకుడుగా తోలితే ఆగి ఆగి నడిచే ట్రాఫిక్‌లో 10 నుంచి 40 శాతం, హైవే మీద 15 నుంచి 30 శాతం దాకా మైలేజీ పడిపోతుంది. ఈకో మోడ్ ఆదా చేసేదేదైనా ఈ పోయేదాంట్లోంచే తిరిగి రావాలి. అసలు పోగొట్టుకోని వాడికి తిరిగి వచ్చేదేముంటుంది?

లైటు వేరు, మోడ్ వేరు

బండి కొనే ముందు ఇది తేల్చుకోవాలి. షోరూంలో 'ఈకో ఉంది సార్' అని ఒకే మాటతో రెండు వేర్వేరు వస్తువులు అమ్ముతారు.

మొదటిది ఉత్త లైటు. యమహా ఎఫ్‌జెడ్‌లో కనిపించే 'ఈకో' గుర్తు, టీవీఎస్ జూపిటర్ ఎకనోమీటర్‌లో వెలిగే పచ్చ లైటు ఈ జాతివి. మీరు మెల్లగా తోలుతుంటే వెలుగుతుంది, రేజ్ చేస్తే ఆరిపోతుంది. ఇంజన్‌ను అది ముట్టుకోదు. దాన్ని తక్కువ చేసి చూడాల్సిన పనీ లేదు. ఆ లైటు ఆరకుండా నెల రోజులు తోలితే చెయ్యి దానంతటదే అలవాటు పడుతుంది. ఖర్చు లేని గురువు అది.

రెండోది నిజమైన మోడ్. టీవీఎస్ రైడర్‌లో ఈకో, పవర్ అని రెండున్నాయి. టాటా నెక్సాన్‌లో ఈకో, సిటీ, స్పోర్ట్ అని మూడు. పెనుకొండ పక్కన ఎర్రమంచి ఫ్యాక్టరీ నుంచి 2019లో మొదట బయటికొచ్చిన కియా సెల్టోస్ ఆటోమేటిక్ రకాల్లో ఈకో, నార్మల్, స్పోర్ట్. వీటిలో కంప్యూటర్ లెక్క నిజంగానే మారుతుంది.

తేడా కనిపెట్టడం చాలా తేలిక. టెస్ట్ డ్రైవ్‌లో ఖాళీ రోడ్డు మీద 40లో పోతూ, పెడల్‌ను కదలకుండా ఒకేచోట పట్టి ఉంచి మోడ్ మార్చండి. ఈకోకు మార్చగానే ఎవరో వెనక నుంచి చొక్కా పట్టి లాగినట్టు బండి నెమ్మదిస్తే అది మోడ్. ఏమీ కాకపోతే మీరు కొంటున్నది బొమ్మ. కార్బ్యురేటర్ ఉన్న పాత బైకుల్లో ఇలాంటి మోడ్ దాదాపుగా ఉండదు. వాటి మీద 'ఈకో' స్టిక్కర్ ఉంటే అది చాలావరకు స్టిక్కరే.

ఇంకొకటి కూడా అడగండి: బండి ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే ఈకోలోనే ఉంటుందా, మామూలు మోడ్‌కు వచ్చేస్తుందా? కొన్ని బండ్లు ప్రతిసారీ మామూలుకు వచ్చేస్తాయి. అలాంటి బండిలో వారం తర్వాత ఆ బటన్‌ను ఎవరూ ముట్టరు.

ఊళ్లో ఎక్కడ పనికొస్తుంది

పెట్రోలు ఎక్కడ పోతోందో ఒక లెక్క వేసి చూద్దాం. మనుషులతో కలిపి 1,200 కిలోల కారు 60 కిలోమీటర్ల వేగంలో ఉంటే దాని కదలికలో ఉన్న శక్తి సుమారు 167 కిలోజౌళ్లు. బ్రేకు తొక్కి ఆపేస్తే అదంతా డిస్కుల వేడిగా పోతుంది. లీటరు పెట్రోల్లో దాదాపు 32 మెగాజౌళ్లు ఉన్నా చక్రాల దాకా చేరేది అందులో పావు వంతు. అంటే 60 నుంచి ఒక్కసారి ఆగి మళ్లీ 60 అందుకుంటే దగ్గర దగ్గర 20 మిల్లీలీటర్లు, ఒక చిన్న టీ గ్లాసులో పావు వంతు. అదే 40 నుంచి ఆగితే 9 మిల్లీలీటర్లే. వేగం మూడో వంతు తగ్గితే నష్టం సగానికి పైగా తగ్గింది.

కర్నూల్లో రాజ్‌విహార్ సెంటర్, కడప ఏడు రోడ్లు, అనంతపురం టవర్ క్లాక్ దగ్గర జరిగేది ఇదే. ముందు ఆటో ఉంది, దాని ముందు ఎర్ర లైటు ఉంది. అయినా 200 మీటర్ల ఖాళీ కనిపించగానే 55 దాకా లాగి, వెంటనే బ్రేకు. ఈకో మోడ్ ఉంటే అదే కాలికి 40 దాకానే లేస్తుంది. ఆగాల్సిన చోట ఎలాగూ ఆగుతారు, పారబోసుకునేది తగ్గుతుంది. ఊళ్లో ఈకో ఇచ్చే ఆదా అంతా దాదాపుగా ఈ పాపాన్ని ఆపడం వల్లే వస్తుంది.

రూపాయల్లో చూస్తే: నెలకు ఊళ్లో 800 కిలోమీటర్లు తిరిగే, లీటరుకు 14 ఇచ్చే కారు 57 లీటర్లు తాగుతుంది. ఈకో వల్ల 5 శాతం మెరుగైతే దాదాపు 2.7 లీటర్లు మిగులుతాయి. లీటరు 110 లెక్కన నెలకు 300 రూపాయలు. ఆ బటన్ కోసం 60 వేలు ఎక్కువ పెట్టి పై వేరియంట్ కొంటే తిరిగి రావడానికి పదహారేళ్లు పైనే పడుతుంది. సన్‌రూఫ్ మీద మోజుంటే ఆ మాట చెప్పుకొని కొనండి, మైలేజీ పేరు చెప్పుకోవద్దు.

ఒక అపోహ మాత్రం వదిలించుకోవాలి. నత్తలా లేస్తేనే పెట్రోలు మిగులుతుందన్నది సగం నిజమే. పెట్రోల్ ఇంజన్ థ్రాటిల్ కొద్దిగా తెరిచి ఉన్నప్పుడు, సగం నొక్కిన పైపులోంచి నీళ్లు పీల్చినట్టు, గాలిని కష్టపడి లాక్కుంటుంది. ఆ కష్టానికీ పెట్రోలే ఖర్చు. తక్కువ ఆర్‌పీఎంలో (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) కాస్త ఎక్కువ లోడు మీద ఉన్నప్పుడే ఇంజన్ పొదుపుగా పని చేస్తుంది. కాబట్టి మధ్యస్థంగా తొక్కి, గేర్లు త్వరగా మార్చి, అవసరమైన వేగం చేరగానే కాలు సడలించడం మేలు. రెండో గేర్లో అరగంట ఈడ్చడం పొదుపు అనిపించుకోదు.

గేరు త్వరగా మార్చమన్నాం కదా అని 35లోనే ఐదో గేరు వేయొద్దు. డ్యాష్‌బోర్డు మీద బాణం గుర్తు పై గేరు వేయమంటున్నా ఇంజన్ గుర్రుమంటూ వణికితే దిగువ గేరుకు రండి. టర్బో పెట్రోల్ ఇంజన్లకు ఇది మరీ చెరుపు. తక్కువ ఆర్‌పీఎంలో బలంగా తొక్కితే సిలిండర్లో మిశ్రమం ప్లగ్ మెరుపు కంటే ముందే అంటుకుని పిస్టన్‌ను దెబ్బతీసే ప్రమాదం ఉంది.

44వ నంబరు రహదారి మీద

కర్నూలు నుంచి డోన్, గుత్తి మీదుగా అనంతపురం సుమారు 150 కిలోమీటర్లు, నాలుగు వరుసల రోడ్డు. ఇక్కడ 80 పట్టుకుని నిలకడగా పోతే ఈకోకూ నార్మల్‌కూ తేడా వెతికినా దొరకదు. 80లో పోవడానికి ఎంత బలం కావాలో అంతే కావాలి. ఈకోలో ఆ బలం రావడానికి పెడల్ ఇంకొంచెం లోపలికి పోతుంది, అంతే. ఇంజన్‌కు చేరే పెట్రోలు ఒకటే. ఆటోమేటిక్‌లో కూడా రెండు మోడ్లలోనూ పై గేరే పడి ఉంటుంది.

హైవే మీద మైలేజీని శాసించేది స్పీడోమీటర్ ముల్లు. గాలి అడ్డు వేగం వర్గాన్ని, అంటే వేగాన్ని వేగంతోనే గుణిస్తే వచ్చేదాన్ని, బట్టి పెరుగుతుంది. 80 నుంచి 100కు వెళ్తే గాలి తోపు ఒకటిన్నర రెట్లు దాటుతుంది. కంపెనీ చెప్పే ఏఆర్ఏఐ (బండ్లను పరీక్షించే సంస్థ) మైలేజీ మన చేతికి రాకపోవడానికి ఇదొక కారణం. ఆ పరీక్ష ల్యాబ్‌లో రోలర్ల మీద, గరిష్ఠంగా 90 వేగంతో, ఏసీ వేయకుండా జరిగేది. ఈకో మోడ్‌లో 110లో పోయేవాడి కంటే స్పోర్ట్ మోడ్‌లో 80లో పోయేవాడు పొదుపరి.

మన రాయలసీమ జిల్లాలకు ఇంకో లెక్క ఉంది, గాలి. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. జూన్ నుంచి ఆగస్టు దాకా నైరుతి గాలి ఇక్కడ ఈడ్చి కొడుతుంది. గంటకు 20 కిలోమీటర్ల ఎదురుగాలిలో 80 వేగంతో పోతుంటే బండికి తగిలే గాలి 100 వేగంలో తగిలినట్టే. కర్నూలు నుంచి అనంతపురం వచ్చేటప్పుడు ఆ గాలి ఎదురు, పోయేటప్పుడు వెనక తోపు. ఆషాఢంలో ఒక దిక్కుకు ఈకోలో, రెండో దిక్కుకు నార్మల్‌లో తోలి మైలేజీ పోల్చి చూస్తే మీరు పోల్చింది మోడ్లను కాదు, గాలిని.

క్రూయిజ్ కంట్రోల్ (పెట్టిన వేగాన్ని బండే నిలబెట్టే ఏర్పాటు) ఉన్న కొన్ని బండ్లు ఈకోలో ఎత్తు ఎక్కేటప్పుడు వేగం రెండు మూడు కిలోమీటర్లు పడనిచ్చి, దిగేటప్పుడు మెల్లగా అందుకుంటాయి. అక్కడ కొంచెం మిగులుతుంది. ఎత్తుపల్లాల దారిలోనే దానికి విలువ.

ఘాట్‌లోనూ రెండు వరుసల రోడ్డు మీదా ఆపేయండి

కడప నుంచి రాయచోటి పోయే దారిలో గువ్వలచెరువు ఘాట్, నంద్యాల నుంచి గిద్దలూరుకు నల్లమల మలుపులు. ఇలాంటి చోట ఈకో పెట్టి ఎక్కితే ఏం జరుగుతుందో చూడండి. బండి పై గేరు వదలదు, ఇంజన్ మూలుగుతుంది, మీరు ఇంకా తొక్కుతారు, గేరు ఒక్కసారిగా రెండు మెట్లు దిగి బండి అరుస్తుంది, మలుపు రాగానే కాలు తీస్తారు, మళ్లీ పై గేరు. ఎక్కేదాకా ఇదే తంతు. మామూలు గేరుబాక్సునే కంప్యూటర్ మార్చే ఏఎంటీ బండ్లలో ప్రతి మార్పుకూ ఒక కుదుపు. చివరికి మిగిలేదీ ఉండదు, వెనకున్న లారీ డ్రైవర్ తిట్లు అదనం.

దిగేటప్పుడు ఇంకా జాగ్రత్త. కొన్ని ఆటోమేటిక్‌లు ఈకోలో ఆర్‌పీఎంను తక్కువలో ఉంచుతాయి కాబట్టి ఇంజన్ బ్రేకింగ్ బలహీనంగా ఉంటుంది. బరువంతా బ్రేకుల మీద పడుతుంది. నార్మల్‌కు మార్చి, ఎల్ గానీ మాన్యువల్ రెండో గేరు గానీ వేసుకోండి. ఎక్కిన గేర్లోనే దిగాలన్న పాత డ్రైవర్ల మాట ఇప్పటికీ పనికొస్తుంది.

న్యూట్రల్ కొట్టి దింపితే డీజిల్ మిగులుతుందన్న నమ్మకం మన దగ్గర ఇంకా పోలేదు. ఇంజెక్షన్ బండ్లలో అది తలకిందులు. గేర్లో ఉండి కాలు తీసేస్తే చక్రాలే ఇంజన్‌ను తిప్పుతాయి, కంప్యూటర్ ఇంజెక్టర్లను పూర్తిగా మూసేస్తుంది. ఆర్‌పీఎం ఐడిలింగ్‌కు దగ్గరపడేదాకా ఖర్చు సున్నా. న్యూట్రల్లో మాత్రం ఇంజన్ ఆగిపోకుండా ఉండడానికి ఐడిలింగ్ ఇంధనం పోతూనే ఉంటుంది. పైగా బ్రేకులు కాలి పట్టు తప్పితే ఆదుకునే గేరు ఉండదు.

ఇక ఎదురు బండ్లు వచ్చే రెండు వరుసల రోడ్డు. చీనీ కాయల లోడు లారీని దాటాలని బయటికి తీశాక ఈకో బండి అర సెకను ఆలోచిస్తే ఆ అర సెకను మీది కాదు. చాలా కార్లలో పెడల్ చివరిదాకా తొక్కితే ఈకోను పక్కనబెట్టి పూర్తి బలం ఇస్తుంది, అన్నింట్లో మాత్రం కాదు. మీ బండి ఏ రకమో ఖాళీ రోడ్డు మీద ముందే తెలుసుకోండి.

మే నెలలో ఏసీ

43 డిగ్రీల ఎండలో నిలబెట్టిన కారెక్కి ఈకో నొక్కితే చల్లబడడానికి ఆలస్యమవుతుంది. చెమట పట్టి మీరు 18కి తిప్పి, ఫ్యాను నాలుగులో పెడతారు. ఈకో మిగల్చాలనుకున్నది అక్కడే పోయింది. మంచి పద్ధతి ఇది: అద్దాలన్నీ దించి రెండు నిమిషాలు నడిపి వేడి గాలి పోనివ్వండి, అద్దాలెత్తి నార్మల్ మోడ్‌లో లోపలి గాలే తిరిగేలా పెట్టి చల్లబరచండి, చల్లబడ్డాక ఈకోకు మార్చి 24-25 దగ్గర ఉంచండి. మండుటెండలో, ముఖ్యంగా చిన్న ప్రయాణాల్లో, ఏసీ ఒక్కటే మైలేజీని పాతిక శాతం దాకా తినేస్తుంది.

స్టార్ట్-స్టాప్ (బండి ఆగితే ఇంజన్ దానంతటదే ఆగి, కదిలేటప్పుడు లేచే ఏర్పాటు) ఉన్న బండి కొనాలా, ఈకో ఉన్నది కొనాలా అంటే మన ఊళ్లలో ఈకోకే ఓటు. నిమిషాల తరబడి ఆగే సిగ్నళ్లు ఇక్కడ తక్కువ. ఎండాకాలం ఏసీ కోసం ఇంజన్ మళ్లీ మళ్లీ లేస్తుంది. దానికి వాడే బ్యాటరీ మామూలు బ్యాటరీ కంటే ఖరీదు. రైల్వే గేటు దగ్గర తాళం తిప్పి ఆపేయడానికి ఏ టెక్నాలజీ అక్కర్లేదు. పది సెకన్లకు మించి ఆగేట్టుంటే ఆపడమే లాభం.

లోడు బండ్లు, ట్రాక్టర్లు: ఇక్కడ లెక్క వేరు

కార్లలో ఈకో ఉన్నా లేకున్నా పెద్ద తేడా లేదంటాం గానీ లారీల్లో, ట్రాక్టర్లలో మాత్రం అలా అనలేం. ఎర్రగుంట్ల నుంచి సిమెంటు, తాడిపత్రి, బేతంచెర్ల నుంచి బండలు ఎత్తుకుపోయే లారీ పోయేటప్పుడు నిండు లోడు, వచ్చేటప్పుడు చాలాసార్లు ఖాళీ. నిండు లోడుకు కావాల్సిన బలం ఖాళీ బండికి ఇస్తే డ్రైవర్ దాన్ని వాడకుండా ఉండడు. అందుకే టాటా పెద్ద లారీల్లో లైట్, మీడియం, హెవీ అని మూడు మెట్ల స్విచ్ పెట్టారు. మహీంద్రా బ్లేజోలో టర్బో, హెవీ, లైట్ అని ఉన్నాయి. ఇక్కడ స్విచ్ ఇంజన్ ఇచ్చే బలానికే హద్దు పెడుతుంది.

వాడే పద్ధతి తెలిసిందే అయినా తప్పు జరిగేది ఇక్కడే. ఖాళీగా వస్తూ హెవీలోనే ఉంచేయడం ఒక తప్పు. అంతకంటే పెద్ద తప్పు, ఓనర్ చెప్పాడని నిండు లోడుతో లైట్‌లో తోలడం. అప్పుడు ప్రతి ఎత్తుకూ రెండు గేర్లు దిగాలి, ఆర్‌పీఎం పచ్చ గీత దాటి పోతుంది, హెవీలో కంటే ఎక్కువ డీజిల్ కాలుతుంది, క్లచ్ ప్లేటు కూడా ముందే పోతుంది. టాటా ఇంట్రా లాంటి చిన్న బండ్లలో ఉండే ఈకో స్విచ్‌కూ ఇదే సూత్రం: టమాటా బుట్టలు నిండా ఉంటే తీసేయండి, ఖాళీ బుట్టలతో వస్తుంటే వేయండి. జీతానికి డ్రైవర్‌ను పెట్టుకున్నవాళ్లకు మాత్రం ఈ స్విచ్ మంచి తోడు, వేరే వాళ్ల కాలు మన మాట వినదు కదా.

పొదుపు అన్న పేరుకు అసలైన న్యాయం చేసేది ట్రాక్టర్‌లోని ఎకానమీ పీటీఓ. పనిముట్టును తిప్పడానికి ట్రాక్టర్ వెనక ఉండే షాఫ్టే పీటీఓ, దానికి నిమిషానికి 540 చుట్లు కావాలి. మామూలు పీటీఓ గేర్లో ఆ 540 రావాలంటే మోడల్‌ను బట్టి ఇంజన్ 1,900-2,100 ఆర్‌పీఎం దాకా తిరగాలి. ఎకానమీలో గేరు నిష్పత్తే వేరు కాబట్టి 1,500-1,600 దగ్గరే 540 వచ్చేస్తుంది. పని అదే, ఇంజన్ తిరుగుడు తక్కువ. తోటలకు మందు కొట్టే స్ప్రేయర్, జనరేటర్, నీళ్ల పంపు లాంటి తేలిక పనులకు దీన్నే వాడాలి. బుడ్డలు (వేరుశనగ) వొలిచే మిషన్‌కు కూడా, అది మరీ పెద్దది కాకపోతే, సరిపోతుంది.

అనంతపురం ఎర్రనేలలో తేలిక పనికి సరిపోయిన ఎకానమీ పీటీఓ, నంద్యాల వైపు నల్లరేగడిలో ఆరడుగుల రోటవేటర్ వేస్తే ఇంజన్‌ను కూర్చోబెడుతుంది. పొగ నల్లగా వచ్చి ఇంజన్ మోత బరువెక్కితే వెంటనే మామూలు పీటీఓకు మారండి. ఒక హెచ్చరిక: ఎకానమీ గేర్లో ఉన్నట్టు మరిచి ఇంజన్‌ను 2,000కు లేపితే షాఫ్టు 540 దాటి 700 దాకా తిరుగుతుంది. పనిముట్టు గేరుబాక్సు, బెల్టులు ఆ వేగానికి చేసినవి కావు.

కరెంటు బండ్లలో ఈకో సంగతి చిన్నదే. ఏథర్, ఓలా, ఐక్యూబ్, చేతక్ అన్నింట్లో ఉంది, అన్నింట్లో నిజంగా పని చేస్తుంది, ఎందుకంటే అది వేగానికే తాళం వేస్తుంది. వేగం తగ్గితే గాలి అడ్డు తగ్గుతుంది, బ్యాటరీ ఎక్కువ దూరం వస్తుంది. స్కూటరు మీద నిటారుగా కూర్చున్న మనిషే గాలికి పెద్ద అడ్డుగోడ కాబట్టి తేడా బాగానే తెలుస్తుంది. చార్జింగ్ తక్కువున్న రోజు వాడండి.

బీఎస్-6 డీజిల్ ఉన్నవాళ్లకు

బీఎస్-6 పొగ నిబంధనలతో 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన డీజిల్ కార్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టర్, డీపీఎఫ్ ఉంటుంది. ఎప్పుడూ ఊళ్లోనే, ఈకోలో, తక్కువ ఆర్‌పీఎంలో రెండు మూడు కిలోమీటర్ల ముక్కలుగా తిరిగితే పొగగొట్టం వేడెక్కదు, మసి కాలదు. ఫిల్టర్ పూడుకుపోతుంటే బండి తనంతట తాను అదనపు డీజిల్ పోసి మసిని కాల్చబోతుంది. మీరేమో మధ్యలో ఇంటికొచ్చి ఆపేస్తారు. మైలేజీ పడిపోతుంది, లైటు వెలుగుతుంది. పది పదిహేను రోజులకోసారి హైవే ఎక్కి, ఈకో తీసేసి, 2,000 ఆర్‌పీఎం తగ్గకుండా 20 నిమిషాలు తోలండి. ఊరు దాటని వాడుకకు డీజిల్ కొనకపోవడమే అసలు పొదుపు.

బటన్ కంటే ముందు చూసుకోవాల్సినవి

టైర్లలో గాలి. పొద్దున్నే, బండి కదిలించక ముందు, డ్రైవర్ తలుపు పక్కన ఉన్న స్టిక్కర్ అంకె ప్రకారం కొట్టించండి. నాలుగు టైర్లలోనూ గాలి ఒత్తిడి ఒక్కో పీఎస్ఐ తగ్గితే సుమారు 0.2 శాతం మైలేజీ పోతుంది. 8 తగ్గితే ఒకటిన్నర శాతం దాటుతుంది, టైరు అంచులు అరగడం అదనం. మిట్టమధ్యాహ్నం వేడి టైర్ల మీద కొలిస్తే అంకె ఎక్కువ చూపిస్తుంది, చూసి గాలి తీసేయకండి.

బ్రేకు పట్టేస్తోందేమో చూడండి. బైకు సెంటర్ స్టాండ్ వేసి వెనక చక్రాన్ని చేత్తో తిప్పితే రెండు మూడు చుట్లు తేలిగ్గా తిరగాలి. చుట్టులోపే ఆగితే లైనర్ రాసుకుంటోంది, లేదా చైను బిగిసిపోయింది. చైను మధ్యలో 20-30 మిల్లీమీటర్ల వదులు ఉండాలి. కారులో అయితే పది కిలోమీటర్లు తోలి ఆపాక చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూడండి, ముట్టుకోకుండా. ఒక చక్రం మాత్రమే మిగతా వాటికంటే సెగ కొడుతుంటే క్యాలిపర్ జామ్ అయింది. అలాంటి బండిలో ఈకో నొక్కడమంటే ఓటికుండకు మూత పెట్టడమే.

ఎయిర్ ఫిల్టర్ మారిస్తే మైలేజీ పెరుగుతుందని అందరికీ ఒక నమ్మకం. మన దుమ్ముకు దాన్ని తరచూ మార్చాల్సిందే. కానీ ఇంజెక్షన్ పెట్రోల్ కారులో మురికి ఫిల్టర్ వల్ల తగ్గేది పికప్, మైలేజీ కాదు, కంప్యూటర్ వచ్చిన గాలికి తగ్గట్టే పెట్రోలు పోస్తుంది. పాత కార్బ్యురేటర్ బైకులకు మాత్రం మైలేజీ కూడా పోతుంది.

ఇటీవల మైలేజీ తగ్గిందని మోడ్‌ను తిట్టేవాళ్లు బంకులో పోసేదాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. ఇప్పుడు వచ్చేది ఈ20, అంటే ఐదో వంతు ఇథనాల్. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ. నీతి ఆయోగ్ 2021 నివేదికలో పాత తరహా కార్లకు 6-7 శాతం, బైకులకు 3-4 శాతం తగ్గుదల ఉంటుందని అంచనా వేశారు. ఈకో మంచి రోజున ఇచ్చేదానికి ఇది సమానం.

మీ బండికి మీరే తేల్చుకునే పద్ధతి

డ్యాష్‌బోర్డు మీద కనిపించే సగటును గుడ్డిగా నమ్మవద్దు. సాధారణంగా అది ఉన్నదానికంటే కాస్త ఎక్కువే చూపిస్తుంది. ట్యాంకు నుంచి ట్యాంకు లెక్కే సరైనది. ఒకే బంకు, ఒకే పంపు, పొద్దున చల్లటి వేళ. నాజిల్ మొదటిసారి టక్కుమని ఆగగానే చాలనండి, రౌండ్ ఫిగర్ కోసం కుక్కించకండి. ట్రిప్ మీటర్ సున్నా చేయండి. కనీసం 300 కిలోమీటర్లు తిరిగి అదే పంపు దగ్గర మళ్లీ మొదటి టక్కు దాకా పోయించి, కిలోమీటర్లను లీటర్లతో భాగించండి.

300 ఎందుకంటే నాజిల్ ఆగడంలో అర లీటరు అటూ ఇటూ అవుతుంది. 5 లీటర్ల లెక్కలో అర లీటరు అంటే 10 శాతం తప్పు. 20 లీటర్ల లెక్కలో రెండున్నర శాతమే. ఈకో తేడాయే నాలుగైదు శాతం ఉన్నప్పుడు, 500 రూపాయల పెట్రోలు పోయించి 'ఈకో పనిచేసింది' అనడానికి వీల్లేదు.

ఒక ట్యాంకు ఈకో, ఒక ట్యాంకు నార్మల్, మళ్లీ ఈకో, మళ్లీ నార్మల్, ఇలా మూడేసి. మొదటి మూడు ట్యాంకులూ ఈకోలో, తర్వాతి మూడు నార్మల్‌లో తోలితే మధ్యలో ఎండ మారుతుంది, గాలి మారుతుంది, మోడ్ తేడా వాటి కింద పడిపోతుంది. దారి ఒకటే ఉండాలి, డ్రైవర్ కూడా ఒకరే. మూడు ఈకో అంకెలూ మూడు నార్మల్ అంకెల కంటే పైనే ఉంటే మీకు ఈకో పనిచేస్తున్నట్టు. కలగాపులగంగా వస్తే మీ కాలు ముందే పొదుపుగా ఉన్నట్టు.

ఇంజెక్షన్ బైకుకు బాటిల్‌తో లీటరు పోసి, ఆగిపోయేదాకా తోలి లెక్కపెట్టే పాత పద్ధతి వద్దు. ట్యాంకులోని పంపును చల్లబరిచేది ఆ పెట్రోలే. ఎండిపోయేదాకా తిప్పితే పంపు వేడెక్కి కాలుతుంది, ఆ పంపు ఖర్చు ముందు ఈకో ఏడాదంతా మిగిల్చింది ఏ మూలకూ రాదు.